లెక్క తీరకముందే వచ్చిన సమాధానం

మా నాన్న గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో కాటా దగ్గర గుమస్తాగా చేసేవాడు. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి మే నెలాఖరు దాకా సీజను. ఆ నాలుగైదు నెలలూ ఆయన ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా ఘాటు. అమ్మ అరుగు మీదే చొక్కా విప్పించి, బకెట్లో నీళ్లు పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే లోపలికి రానిచ్చేది. అయినా మా తమ్ముడు తుమ్ముతూనే ఉండేవాడు. చేతివేళ్ల సందుల్లో ఎరుపు మాత్రం సీజను అయిపోయిన నెలకు గానీ వదిలేది కాదు.

కాటా ఎలా నడిచేదో ఆయనే తర్వాత చెప్పాడు. రైతు తెచ్చిన టిక్కీని, అంటే మిర్చి బస్తాని, కాటా పలక మీద పెడతారు. పలక ఊగడం ఆగకముందే బరువు పలికేస్తారు. నలభై రెండు కిలోల ఏడువందల గ్రాములుంటే నలభై రెండే పలుకుతారు. గోనెసంచి బరువు కింద కిలో తీయాల్సిన చోట రెండు తీస్తారు. తాలుకాయ, అంటే నాసి కాయ, అని ఇంకొంత. మచ్చుకు దోసిలితో తీసిన కాయలు మళ్లీ సంచిలో పడవు. తక్‌పట్టీ అనే లెక్క చీటీ మీద అన్నీ పద్ధతిగానే కనిపిస్తాయి, కింద రైతు వేలిముద్ర కూడా ఉంటుంది. ఒక్క టిక్కీ మీద పోయేది కొంచెమే. రోజుకు వందల టిక్కీలు దాటేవి. అన్ని కొట్లలోనూ ఇలాగే జరిగేదని నేను అనను, మా నాన్న కాటా సంగతే చెబుతున్నాను. సీజను ముగిశాక యజమాని లెక్క చూసి నాన్న చేతిలో కొంత పెట్టేవాడు. ఇంట్లో దాని పేరు "పైన వచ్చేది". అమ్మ గాజులూ, నా స్కూలు ఫీజూ, క్రిస్మసు బట్టలూ అందులోంచే.

మాది నాలుగు తరాల లూథరన్ కుటుంబం, ప్రొటెస్టంటు క్రైస్తవుల్లో ఒక శాఖ. 1842లో అమెరికా నుంచి వచ్చిన ఫాదర్ హెయ్యర్ గుంటూరులో మొదలుపెట్టిన మిషను మాది. మా తాతమ్మ బైబిలు మా ఇంట్లో ఇంకా ఉంది. కానీ నాన్నది నామకార్థ భక్తి. క్రిస్మసుకీ, మంచి శుక్రవారానికీ, ఈస్టరుకీ గుడికి వచ్చేవాడు. మెడలో వెండి గొలుసుకు చిన్న సిలువ ఉండేది. దాన్ని ఎప్పుడూ తీసేవాడు కాదు.

ఆ సిలువే ఆయన్ని పట్టించింది. 1997 మార్చిలో పల్నాడు వైపు నుంచి ఒక కౌలు రైతు పన్నెండు టిక్కీలు తెచ్చాడు. కాటా అయింది, తక్‌పట్టీ రాశారు. ఆయన చదువుకున్నవాడు కాదు గానీ లెక్క వచ్చినవాడు. ఇంటి దగ్గర తూచి తెచ్చుకున్నాడట. తేడా ఎంతో ఆయనకు తెలిసింది. గొడవ పెట్టుకోలేదు, కేకలు వెయ్యలేదు. వేలిముద్ర వేసి, చూపుడువేలు గోనెకు తుడుచుకుంటూ నాన్న మెడలో గొలుసు వైపు చూసి, "నువ్వు ప్రార్థన చేసుకునేవాడివి గదా, నీ కాటా అయితే ధైర్యమనుకోని ఇక్కడ దించాను గుమస్తా" అని వెళ్లిపోయాడట.

అంతే. ఆ రాత్రి నుంచి నాన్నకు నిద్ర లేదు.

బైబిల్లో దావీదు రాజు ముప్పై రెండో కీర్తనలో ఈ స్థితిని చెప్పిన తీరు చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. "దివారాత్రులు నీ చెయ్యి నామీద బరువుగా నుండెను, నా సారము వేసవికాలమున ఎండినట్టాయెను." గుంటూరు వేసవిలో కల్లాల్లో ఆరబోసిన మిరపకాయ ఎలా ముడుచుకుపోతుందో చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నాన్న అలాగే అయిపోయాడు. అన్నం సగంలో వదిలేసేవాడు. అర్ధరాత్రి లేచి అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ షుగరేమోనని పరీక్ష చేయించింది. ఏమీ లేదన్నారు.

అప్పుడాయన దేవుడికి డబ్బు కట్టడం మొదలుపెట్టాడు. ఇంతకంటే సరైన మాట నాకు దొరకదు. ఎప్పుడూ ఇవ్వని దశమభాగం ఇచ్చాడు. శుక్రవారాలు ఉపవాసం పట్టాడు. ఎక్కడ స్వస్థత కూడికలుంటే అక్కడికి వెళ్లి తలమీద చేతులుంచి ప్రార్థన చేయించుకున్నాడు. గుడికి రెండు సీలింగు ఫ్యాన్లు కొనిచ్చాడు. మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీద ఎర్రరంగుతో ఇచ్చినవాళ్ల పేరు రాయిస్తారు చూడండి, అలా మా ఇంటిపేరు రాయించాడు. ఆరాధనలో సరిగ్గా ఆ ఫ్యాను కిందే కూర్చునేవాడు. గాలి వచ్చేది. మనసుకు సమాధానం, అంటే శాంతి, మాత్రం రాలేదు.

గుళ్లో పిల్లలకు విశ్వాసం నేర్పే కన్ఫర్మేషన్ క్లాసుల్లో మేము మా శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ కథ చదువుకున్నాం. తేదీలు బట్టీ పట్టి, పరీక్షలో రాసి వదిలేశాం. నాన్నను చూశాకే అది నాకు కథలా కాకుండా కనిపించింది. 1505లో ఎర్ఫర్టు మఠంలో చేరిన ఆ యువకుడు ఉపవాసాలు చేశాడు, జాగారాలు చేశాడు, చలికి వణికాడు. గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు. ఒప్పుకుని బయటికి రాగానే మర్చిపోయింది ఇంకోటి గుర్తొచ్చేది, మళ్లీ వెనక్కి పరుగు. ఆయన పై అధికారి స్టౌపిట్స్ ఆయన్ని తన పాపాల మీద నుంచి చూపు తిప్పుకుని క్రీస్తు గాయాల వైపు చూడమన్నాడు. తర్వాత కొన్నేళ్లకు టెట్జెల్ అనే సన్యాసి పాపక్షమాపణ పత్రాలు డబ్బుకు అమ్ముతుంటే, 1517 అక్టోబరు 31న లూథర్ 95 వాదాంశాలు బయటపెట్టాడు. మనం మొదటి వాదాంశం కంటే ముందుకు వెళ్లకపోయినా ఫర్వాలేదు. మారుమనస్సు పొందండని ప్రభువు అన్నప్పుడు విశ్వాసి బతుకంతా మారుమనస్సుగా ఉండాలని ఆయన ఉద్దేశం అన్నది దాని సారం. బతుకంతా అన్నాడు, ఒక పత్రం కాదు. రెండు ఫ్యాన్లూ కాదు.

ఈస్టరుకు ముందొచ్చే శ్రమదినాల్లో మా గుడివాళ్లు ఇళ్లల్లో ప్రార్థన కూడికలు పెట్టేవాళ్లు. మరుసటి సంవత్సరం ఆ వరస మా ఇంటికి వచ్చింది. మా అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, అప్పటికే రిటైర్‌మెంటుకు దగ్గరపడిన మనిషి, గొంతు కూడా పెద్దగా లేచేది కాదు. ఆ రోజు ఆయన సామెతల గ్రంథం పదకొండో అధ్యాయం తీశాడు. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము." ఆయనకు నాన్న సంగతి ఏమీ తెలియదు. ఆ వారం చదవాల్సిన భాగం అదే అయింది. నాన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, తల ఎత్తలేదు. టీలు అయిపోయి అందరూ చెప్పులేసుకుంటుంటే, "అయ్యగారూ, మీరు కాసేపు ఆగండి" అన్నాడు.

నేను వంటింట్లో గ్లాసులు కడుగుతున్నాను. తలుపు తెరిచే ఉంది. అన్నీ విన్నాను.

నాన్న మొత్తం చెప్పాడు. పలక, గోనె తరుగు, మచ్చు, సీజను చివర వచ్చేది, కౌలు రైతు అన్న మాట, అన్నీ. అయ్యగారు మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు. "ఆ ఫ్యాన్లు ఏ డబ్బుతో కొన్నావయ్యా?" నాన్న, "ఆ డబ్బుతోనేనండి" అన్నాడు. చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత అయ్యగారు లేచి నాన్న తలమీద చెయ్యి పెట్టబోయాడు. నాన్న ఆ చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"ఇప్పుడొద్దండి. ముందు వాళ్లందరికీ లెక్క తీర్చి వస్తాను. అప్పుడు చెప్పండి క్షమాపణ."

అయ్యగారు మళ్లీ కూర్చున్నాడు. "సుంకం వసూలు చేసే జక్కయ్య, జనం దగ్గర గుంజింది తిరిగి ఎప్పుడు చెల్లిస్తానన్నాడు? యేసు ఇంటికి రాకముందా, వచ్చాకా?"

నాన్న జవాబు చెప్పలేదు. ఆయనకు తెలియదు కూడా.

"మేడిచెట్టు మీద ఉన్నప్పుడు ఆయన చేతిలో అంతా ఇంకా ఆ యెరికో ఊరివాళ్ల డబ్బే. ఒక్క పైసా తిరిగివ్వలేదు. ఆ మనిషిని ప్రభువు పేరు పెట్టి పిలిచి, 'నేడు నేను నీ యింట నుండవలసియున్నది' అన్నాడు. నాలుగంతలు ఇస్తానన్నది ఆ తర్వాతి మాట. నువ్వు లెక్కంతా తీర్చుకుని వస్తే ఇంక సిలువ దేనికయ్యా? నువ్వు ఎంత తీర్చినా ఆ మనిషి నీ గొలుసు చూసి నమ్మాడే, ఆ నమ్మకాన్ని ఏ కాటాలో తూచి తిరిగిస్తావు?"

అప్పుడు నాన్న ఏడ్చాడు. మా నాన్న ఏడుపు నేను వినడం అదే మొదలు. తాతయ్య పోయినప్పుడు కూడా ఆయన ఏడవలేదు. అయ్యగారు తలమీద చెయ్యి పెట్టి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున నీ పాపములు క్షమించబడినవి అని, ఆదివారం అందరికీ కలిపి చెప్పే మాటనే ఒక్క మనిషికి, పేరు పెట్టి చెప్పాడు. మా ఆరాధన క్రమంలో మొదట్లోనే ఉంటుంది ఆ ఒప్పుకోలు. ఎన్ని వందలసార్లు గబగబా చదివేసి ఉంటామో. ఆలస్యంగా వచ్చేవాళ్లు అసలు దాన్ని అందుకోరు కూడా. ఆ మాట ఒక మనిషి మీద పడితే ఏమవుతుందో ఆ రాత్రి మా ముందుగదిలో చూశాను. నాన్న ఆ రాత్రి అన్నం తిన్నాడు, పడుకున్నాడు. పొద్దున ఏడున్నర దాకా లేవలేదు. అమ్మ రెండుసార్లు వెళ్లి ఊపిరి చూసి వచ్చింది.

ఇక్కడ చాలామంది తడబడతారని నాకనిపిస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. నేను నర్సును, ఆసుపత్రిలో నాతో డ్యూటీ చేసే స్నేహితురాలు ఒకామె ఉంది, క్రైస్తవురాలు కాదు. "మీకేం, ఆదివారం వెళ్లి ఒప్పుకుంటే అయిపోతుంది, సోమవారం మళ్లీ మొదలు" అంటుంది. ఆమె మాట తప్పని తోసెయ్యలేను, అలా బతికేవాళ్లు మాలో ఉన్నారు. మరోవైపు నాన్న లాంటివాళ్లు. కట్టి కట్టి అలిసిపోయి, ఇంకా బాకీ ఉందనే భయంతోనే చచ్చిపోతారు. లూకా తన సువార్తలో ఇద్దరు మనుషుల్ని మన ముందు పెట్టాడు. పంతొమ్మిదో అధ్యాయంలో జక్కయ్య, సగం ఆస్తి పంచి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇచ్చినవాడు. ఇరవై మూడో అధ్యాయంలో సిలువ మీది దొంగ. చేతులకు మేకులు దిగిన ఆ మనిషి ఎవరికి ఏం తిరిగివ్వగలడు? దోచుకున్నవాళ్ల ఇంటికి నడిచి వెళ్లగలడా? అయినా "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్న మాట అతనికే దక్కింది. ఇద్దరికీ ఒకే క్షమాపణ. ఒకరికి కాళ్లూ చేతులూ ఖాళీగా ఉన్నాయి కాబట్టి అవి బాకీ ఉన్నవాళ్ల ఇళ్లకు నడిచాయి.

నాన్న కాళ్లు కూడా నడిచాయి. ఆ వారంలోనే ఉద్యోగం మానేశాడు. యజమాని ఆశ్చర్యపోయాడు, జీతం పెంచుతానన్నాడు, ఎవరికైనా చెబుతాడేమోనని భయపడ్డాడు కూడా. నాన్న ఆయన గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. "నా చేత్తో రాసింది నా లెక్క" అనేవాడు. కోల్డ్ స్టోరేజీలో రాత్రి కాపలా పనికి చేరాడు. పగలు నిద్రపోకుండా పాత తక్‌పట్టీల నకళ్లు ముందేసుకుని కూర్చునేవాడు. అన్నీ దొరకలేదు. దొరికిన వాటిల్లోంచి పేరు, ఊరు, టిక్కీలు, సుమారు తేడా, ఆనాటి రేటు ఒక పొడుగు పుస్తకంలో రాశాడు. ఎంత ఇవ్వాలని అయ్యగారిని అడిగితే లేవీయకాండం ఆరో అధ్యాయం చూపించాడు. మోసం చేసి తీసుకున్నది పూర్తిగా ఇచ్చి, దానికి ఐదోవంతు కలపాలి. నాన్న అలాగే కలిపాడు. నాలుగంతలు ఇవ్వలేకపోతున్నానని మాత్రం బాధపడేవాడు.

అమ్మ గాజులు తీసిచ్చింది. నాకిది ఇప్పటికీ తల్చుకుంటే గుండె నిండిపోతుంది. ఆమె ఒక్క మాట అనలేదు. "ఏవండీ, ఇవి కూడా వాళ్లవేగా" అంది.

వెళ్లిన ఊళ్ల సంగతులు నాన్న వచ్చి చెప్పేవాడు. అమరావతి వైపు ఒక ఊళ్లో రైతు చనిపోయి రెండేళ్లయింది. భార్య ఉంది. ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, కొంగుకు ముడేసుకుని, మజ్జిగ ఇచ్చి, "ఆయనుండగా వచ్చుంటే ఎంత సంతోషపడేవాడు నాయనా" అందట. ఇంకో ఊళ్లో ఒకాయన డబ్బు తీసుకుని ఊరందర్నీ కేకేశాడు. నాన్న కాటా ఎన్నడూ చూడనివాళ్లు కూడా వచ్చి నాదీ ఉందన్నారు. నాన్న వాళ్లతో వాదించలేదు, జేబులో ఉన్నది ఇచ్చేసి, బస్సుకు చిల్లర లేక సత్తెనపల్లి దాకా నడిచాడు. ఒక రైతుకు భార్యా లేదు, పిల్లలూ లేరు, అన్నదమ్ములూ లేరు. ఆయన డబ్బు ఏం చెయ్యాలి? దీనికి కూడా బైబిల్లో జవాబుందంటే నేను నమ్మలేదు. సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో ఉంది. నష్టం తీసుకోవడానికి రక్తసంబంధి లేకపోతే అది యెహోవాకు చెల్లించాలి, యాజకుడికి చెందుతుంది. అయ్యగారు ఆ డబ్బు తాను ఉంచుకోలేదు. ఆ ఊరి బడి పిల్లలకు పలకలూ పుస్తకాలూ కొనిపించాడు.

చివరికి ఆ కౌలు రైతు. నాన్న అందరికంటే ముందు వెళ్లాల్సిన ఇల్లు అది. ధైర్యం చాలక చివరకు పెట్టుకున్నాడు. ఆయన వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడట. నాన్నను చూడగానే గుర్తుపట్టాడు. నాన్న వంగి కాళ్లు పట్టుకోబోతే కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. కవరు ముట్టుకోలేదు.

"ఆ సంవత్సరం నీ కాటా మీద పోయింది డబ్బొక్కటే కాదు. అప్పు తీరక కౌలే వదిలేశాను. నీ దేవుడు క్షమించాడేమో, నేను క్షమించను. పో."

నాన్న వచ్చేశాడు. ఆ రోజు నేను భయపడ్డాను, మళ్లీ పాత నాన్న అయిపోతాడని, మళ్లీ అరుగు మీద రాత్రుళ్లు మొదలవుతాయని. అన్నం తిన్నాడు. ఆయన పేరు చెప్పి ప్రార్థన చేశాడు, ఏడుస్తూనే చేశాడు. పడుకుని నిద్రపోయాడు. నాకు అర్థం కాలేదు, కోపం కూడా వచ్చింది. ఆ మనిషి క్షమించనంటే ఈయనకు నిద్రెలా పట్టింది?

తర్వాత ఎప్పుడో అడిగాను. "క్షమించకపోవడం ఆయన హక్కమ్మాయ్. ఆయనకు పోయింది నిజం. నేను క్షమించమని బలవంతపెడితే అది రెండో దొంగతనం. దేవుడు నాతో సమాధానపడ్డాడు, ఆ సమాధానం ఆ రైతు చేతిలోంచి రాలేదు, ఆ రైతు చేతిలోంచి పోదు" అన్నాడు. దేవునితో సమాధానం గురించి చెప్పే రోమా పత్రిక ఐదో అధ్యాయం మొదటి వచనం మీద నేను విన్న ప్రసంగాలన్నిటిలోకీ నాకు గుర్తున్నది ఇదే. ఆ రైతు దుఃఖాన్ని నాన్న ఎప్పుడూ తేలిక చెయ్యలేదు. ఏటా సంక్రాంతికి ఆ ఊరి మీదుగా వెళ్లేవాళ్లెవరైనా ఉంటే ఆయన ఎలా ఉన్నాడో కనుక్కునేవాడు. యాభై ఒకటో కీర్తనలో దావీదు "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అంటాడు. ఆ మాట దగ్గర నాకు ఎప్పుడూ ఊరియా గుర్తొచ్చేవాడు. దావీదు యుద్ధంలో ముందు వరసలో నిలబెట్టి చంపించిన ఆ మనిషి సంగతేంటి? అని. నాన్న ఆ రైతు కోసం ప్రార్థించడం చూశాక ఆ కీర్తన మీద నా కోపం తగ్గింది. ఒకరికి మనం చేసిన అన్యాయం ఎంత లోతుదో దేవుడి ముందు నిలబడినవాడికే పూర్తిగా కనిపిస్తుంది. ఊరియా అక్కడ మర్చిపోబడలేదు. అతణ్ణి చేసిన దేవుడి ఎదుటే దావీదు దొరికిపోయాడు.

ఇక నా సంగతి. ఇది రాయకపోతే పైదంతా నాన్న సాక్ష్యం అవుతుంది గానీ నాది కాదు.

ఇంటర్ అయ్యాక నేను బీఎస్సీ నర్సింగు చదవాలనుకున్నాను. ఆ ఏడాది డబ్బు లేదు. ఊళ్లకు వెళ్లిపోయింది. జీఎన్‌ఎం అనే నర్సింగు డిప్లొమాలో చేరాను. నోరు తెరిచి ఏమీ అనలేదు. సండే స్కూల్లో వాక్యాలు అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్లని, గుళ్లో అందరూ మెచ్చుకునే పిల్లని. మనసులో మాత్రం నాన్న పేరు మీద ఒక ఆవర్జా, అంటే బాకీల ఖాతా, తెరిచాను. ఆయన దొంగతనం చేశాడు, ఆయనకు క్షమాపణ దొరికింది, ఆయనకు నిద్ర పట్టింది, డబ్బు కట్టింది నేను. ఆయన గుళ్లో సాక్ష్యం చెబుతుంటే జనం కళ్లు తుడుచుకునేవాళ్లు. నేను తల వంచుకుని పాటల పుస్తకం తిరగేసేదాన్ని.

మూడో సంవత్సరంలో హాస్టల్లో ఒక ఆదివారం రాత్రి లూకా పదిహేను చదువుతున్నాను. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేసే, తప్పిపోయిన కుమారుడి కథ తెలియనిదెవరికి? కానీ ఆ రాత్రి పెద్దకొడుకు దగ్గర ఆగిపోయాను. "ఇదిగో యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే, నీ ఆజ్ఞను నేనెన్నడును మీరలేదే." అది నా గొంతు. మాట మాటకూ నా గొంతు. లోపల విందు జరుగుతోంది, నేను పొలం నుంచి వచ్చి గుమ్మం బయట నిలబడి లెక్కలు చెబుతున్నాను. తండ్రి చిన్నకొడుకు కోసం పరుగెత్తాడని అందరం చెబుతాం. ఆయన విందు వదిలి పెద్దకొడుకు కోసం కూడా బయటికొచ్చాడు, బతిమాలాడు. "కుమారుడా, నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి" అన్నాడు. ఆ కొడుకు లోపలికి వెళ్లాడో లేదో ప్రభువు చెప్పలేదు.

నా పాపానికి తక్‌పట్టీ లేదు, వేలిముద్ర లేదు, ఎవరూ చూడలేదు. తండ్రిని లోపల చీదరించుకోవడం, దేవుడి కనికరం ఆయనకు ఎక్కువ వడ్డించాడని ఓర్వలేకపోవడం. నాన్న చేసినదానికంటే ఇది చిన్నదని ఆ రాత్రి దాకా అనుకున్నాను. మంచం పక్కన మోకరించి ఒప్పుకున్నాను. పెద్ద పెద్ద మాటలేమీ రాలేదు, యేసు చెప్పిన కథలో సుంకరి, అంటే పన్ను వసూలుదారు, అన్న మాటే వచ్చింది, "దేవా, పాపినైన నన్ను కరుణించుము." దర్శనాలూ రాలేదు, వెలుగూ కనిపించలేదు. ఎన్నాళ్ల నుంచో మెడ వెనక ఉన్న పట్టు వదిలినట్టయింది. మరుసటి సెలవలకు ఇంటికెళ్లి నాన్నకు చెప్పాను. ఆయన, "నీ చదువు డబ్బు నాకు తెలుసమ్మా. ఆ పుస్తకంలో చివరి పేజీలో నీ పేరు కూడా ఉంది" అని చూపించాడు. నిజంగానే ఉంది. ఐదోవంతు కలిపి రాశాడు. ఆ పేజీ మీద నేనే అడ్డంగా గీత గీశాను.

ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లో పని చేస్తున్నాను. ఆఖరి రోజుల్లో ఉన్న పేషెంట్లలో నొప్పి మందుకు తగ్గని బాధ ఒకటి చూస్తుంటాను. రాత్రి రెండింటికి చెయ్యి పట్టుకుని, "సిస్టర్, నేనొక తప్పు చేశాను" అంటారు. అలాంటప్పుడు ప్రసంగం చెయ్యను. అది నా డ్యూటీ కాదు, వాళ్లు అడగనిది తలమీద పొయ్యకూడదు కూడా. వింటాను. క్రైస్తవులైతే, వాళ్లు కోరుకుంటే, యోహాను మొదటి పత్రిక ఒకటో అధ్యాయం తొమ్మిదో వచనం చదివి వినిపిస్తాను. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును." చాలామంది "ఇప్పుడు నేను ఏం చెయ్యగలను సిస్టర్, టైం లేదు" అంటారు. వాళ్లకు సిలువ మీది దొంగ గురించి చెబుతాను. కొంచెం ఓపిక ఉన్నవాళ్లు, "మా తమ్ముడికి ఒక ఫోన్ చేసి పెడతారా" అంటారు. చేసి పెడతాను.

నాన్న 2019లో పోయాడు. తన పెట్టెలో ఒక కవరు వదిలాడు. దాని మీద ఆ కౌలు రైతు పేరూ ఊరూ, లోపల ఆయన తీసుకోని డబ్బు. నోట్ల రద్దు అయినప్పుడు నాన్న బ్యాంకు లైనులో నిలబడి ఆ కవరులో నోట్లు కూడా మార్చుకొచ్చాడని అమ్మ చెప్పింది. ఇన్నాళ్లూ నేను దాన్ని కదపలేదు. క్షమించనన్న మనిషి గుమ్మం మళ్లీ తొక్కడం ఆయన్ని ఇంకోసారి బాధపెట్టడమేమోనని సందేహం. ఈ శ్రమదినాల్లో ఇంక ఆగలేకపోయాను. తెలిసినవాళ్ల ద్వారా విచారిస్తే ఆ రైతు కూడా పోయాడని, కొడుకు ఆ ఊళ్లోనే ఉన్నాడని తెలిసింది. నంబరు దొరికింది. పోయిన బుధవారం ఫోన్ చేశాను. నేనెవరో చెప్పగానే అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఆయన, "మా నాన్న చెప్పేవాడమ్మా మీ నాన్న సంగతి. తిట్టుకుంటానే చెప్పేవాడు, కానీ ఎందుకో చెప్పకుండా ఉండేవాడు కాదు" అన్నాడు. "డబ్బు సంగతి నేనిప్పుడే ఏమీ చెప్పలేను. రండి, అన్నం తిని మాట్లాడుకుందాం."

ఈస్టరు అయ్యాక వచ్చే శనివారం నేనూ తమ్ముడూ వెళ్తున్నాం. అమ్మ కూడా వస్తానంటోంది.